ఏఐ ఏజెంట్ వాడే ఫైల్ ఎడిట్ టూల్‌కి డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

బెజవాడ_డెవ్:
ఎంసీపీ (ఏఐ మోడల్‌ని బయటి టూల్స్‌తో కలిపే ప్రోటోకాల్) సర్వర్‌లో ఫైల్ ఎడిట్ టూల్ ఒకటి పెట్టాం. పారామీటర్లు మూడు: ఫైల్ పాత్, పాత టెక్స్ట్, కొత్త టెక్స్ట్. పాతదాన్ని వెతికి ఆ స్థానంలో కొత్తది పెడుతుంది. మోడల్ చదివే డిస్క్రిప్షన్ మాత్రం "ఫైల్‌లో టెక్స్ట్ మారుస్తుంది" అని ఒక్క లైనే. యూనిట్ టెస్టులన్నీ పాసవుతున్నాయి. ఏజెంట్ (టూల్స్ వాడుతూ తనంతట తానే పనిచేసే ఏఐ మోడల్) పిలిస్తే మాత్రం తరచూ "మ్యాచ్ దొరకలేదు" అని వస్తోంది. అదే ఇన్‌పుట్‌తో మళ్ళీ మళ్ళీ పిలిచి, ఆఖరికి ఫైల్ మొత్తం తిరగరాసేస్తోంది. తెలుగు లోకలైజేషన్ ఫైళ్ళలో (యాప్‌లో కనిపించే తెలుగు మాటలుండే జేసన్ ఫైళ్ళు) ఈ గొడవ మరీ ఎక్కువ. డిస్క్రిప్షన్‌లో ఏమేం ఉండాలి? లైన్ నంబర్లతో ఎడిట్ చేసేలా మార్చేస్తే నయమా?

టూల్‌స్మిత్:
లైన్ నంబర్ల జోలికి వెళ్ళకండి. ఒక ఎడిట్‌లో రెండు లైన్లు చేర్చగానే కింద నంబర్లన్నీ జరిగిపోతాయి, మోడల్ దగ్గరేమో పాత లెక్కే ఉంటుంది. తర్వాతి ఎడిట్ ఏ ఎర్రరూ లేకుండా తప్పు చోట పడుతుంది. మీ పద్ధతిలో తప్పు జరిగితే కనీసం ఆగుతుంది. ఓపెన్‌ఏఐ వాళ్ళ అప్లై ప్యాచ్ అనే ఎడిట్ ఫార్మాట్‌లో కూడా నంబర్లుండవు. మార్పుకి పైన మూడు లైన్లు, కింద మూడు లైన్లు ఇచ్చి చోటు గుర్తుపట్టిస్తారు.

డిస్క్రిప్షన్‌లో నేనైతే ముందు రాసేది ఇది: "పాత టెక్స్ట్ ఫైల్‌లో సరిగ్గా ఒక్క చోటే ఉండాలి. ఎక్కడా లేకపోయినా, ఒకటికి మించి ఉన్నా ఫైల్ మారదు." ఆ తర్వాత: స్పేసులు, ట్యాబ్‌లు, ఖాళీ లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి. కొత్త టెక్స్ట్ ఖాళీగా ఇస్తే ఆ భాగం తొలగిపోతుంది. పాత టెక్స్ట్ ఖాళీగా ఇస్తే ఒప్పుకోం, కొత్త ఫైల్‌కి వేరే టూల్ ఉంది, దాని పేరు ఇది.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బకొట్టేది మీ ఫైల్ చదివే టూల్ చూపించే లైన్ నంబర్లు. అది ప్రతి లైన్ ముందు నంబరు, ఒక ట్యాబ్ పెట్టి చూపిస్తుంటే మోడల్ వాటినీ కలిపి కాపీ చేస్తుంది, లేదా నంబరు తీసేసి ట్యాబ్ వదిలేస్తుంది. చూసే మనిషికి అది ఇండెంటేషన్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి "నంబరు, దాని తర్వాతి ట్యాబ్ ఫైల్‌లోవి కావు, ఆ ట్యాబ్ తర్వాత ఉన్నదే అసలు టెక్స్ట్" అని రెండు టూల్స్ డిస్క్రిప్షన్లలోనూ రాయండి. ఒక్కదాంట్లో రాస్తే సరిపోదు.

పాత్ ఎప్పుడూ రూట్ నుంచి పూర్తిగా ఇవ్వాలని పెట్టండి. ఏజెంట్ వేరే ఫోల్డర్‌కి మారాక రిలేటివ్ పాత్‌లతో (ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కేసేవి) తప్పులు చేస్తోందని, పూర్తి పాత్ తప్పనిసరి చేశాక ఆ సమస్య పోయిందని ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 2024 డిసెంబర్‌లో రాసింది. రాసి ఊరుకోకుండా, కోడ్‌లో కూడా రిలేటివ్ పాత్‌ని తిప్పికొట్టండి.

లాగ్_రీడర్:
పై జవాబుకి ఒకటి కలుపుతాను. డాక్యుమెంటేషన్‌లో సగం ఎర్రర్ మెసేజ్‌లోనే ఉండాలి, ఎందుకంటే మోడల్‌కి అది అందేది సరిగ్గా అవసరమైన క్షణంలో. "మ్యాచ్ దొరకలేదు" అంటే దానికి చేయగలిగిన పని ఏమీ కనిపించదు, అందుకే అదే ఇన్‌పుట్ తిప్పి పంపుతోంది. "పాత టెక్స్ట్ 14, 52, 90 లైన్లలో ఉంది. కావలసిన చోటికి పైన, కింద లైన్లు కలిపి మళ్ళీ పంపండి" అంటే తర్వాతి పిలుపుకే సర్దుకుంటుంది. అసలు దొరకనప్పుడు, స్పేసుల తేడా పక్కనపెట్టి ఇంకోసారి వెతకండి. దొరికితే "31వ లైన్లో ఇండెంటేషన్ మాత్రమే తేడా" అని చెప్పి ఆ లైన్లు ఉన్నవి ఉన్నట్టు చూపించండి. మీ అంతట మీరు ఎడిట్ చేసేయొద్దు. పైథాన్ ఫైల్‌లో ఇండెంటేషన్ మారితే అర్థమే మారిపోతుంది.

ఈ ఎర్రర్‌ని జేసన్ ఆర్‌పీసీ (ఎంసీపీ సందేశాలు వెళ్ళే ఫార్మాట్) ఎర్రర్‌గా పంపకండి. టూల్ ఫలితంలోనే "ఈజ్ ఎర్రర్" ట్రూ పెట్టి టెక్స్ట్‌గా పంపాలి, ఎంసీపీ స్పెక్ చెప్పేదీ అదే. లేకపోతే క్లయింట్ (మోడల్‌కీ మీ సర్వర్‌కీ మధ్య ఉండే ప్రోగ్రామ్) దాన్ని మధ్యలోనే ఆపేసి మోడల్‌కి చూపించకపోవచ్చు. ఎడిట్ సక్సెసైతే మారిన చోట నాలుగైదు లైన్లు తిరిగివ్వండి, ఫైల్ మళ్ళీ చదివే పని తప్పుతుంది.

విండోస్ లైన్ ఎండింగ్‌ల (లైన్ చివర ఉండే కనిపించని గుర్తులు, విండోస్‌లో వేరుగా ఉంటాయి) గురించి డిస్క్రిప్షన్‌లో ఒక్క ముక్క కూడా వద్దు. పోల్చేముందు మీ కోడే వాటిని సర్ది, రాసేటప్పుడు ఫైల్‌లో ఏవి ఉన్నాయో అవే పెట్టాలి. కోడ్ సరిచేయగలిగినదాన్ని మోడల్ నెత్తిన పెట్టడం అన్యాయం.

అక్షరాల_పని:
తెలుగు ఫైళ్ళ సంగతి వేరండి. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు) ఉంటుంది. మోడల్ దాన్ని వదిలేసి "సాఫ్ట్వేర్" అని పంపితే మ్యాచ్ అవదు. ఐత్వంతో ఇంకో చిక్కు: యూనికోడ్‌లో అది ఒకే కోడ్‌పాయింట్‌గానూ (ఒక్కో గుర్తుకి యూనికోడ్ ఇచ్చే నంబరు) ఉండొచ్చు, ఎత్వం గుర్తుకి ఐ లెంగ్త్ మార్క్ కలిపి రెండుగానూ ఉండొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకటే. ఎన్ఎఫ్‌సీకి (ఇలాంటి జంటల్ని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) మార్చి పోలిస్తే ఈ రెండోది తీరుతుంది, నాన్ జాయినర్ సమస్య తీరదు. దాన్ని వదిలేసి వెతికి, దొరికితే "ఇక్కడ నాన్ జాయినర్ ఉంది" అని ఎర్రర్‌లో చెప్పండి. ఫైల్‌లోంచి మాత్రం తీసేయకండి, ఒత్తులు మారిపోతాయి.

ఇంకోటి చూడండి. ఆ జేసన్ ఫైళ్ళు పైథాన్‌తో రాసినవైతే డిఫాల్ట్‌గా తెలుగంతా బ్యాక్‌స్లాష్ యూ కోడ్‌లుగా (అక్షరం బదులు దాని యూనికోడ్ నంబరు) మారి ఉంటుంది. మోడల్ తెలుగు అక్షరాలు పంపుతుంది, ఫైల్‌లో అవి ఉండవు. పైథాన్ జేసన్ సెట్టింగ్ ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ పెట్టి ఒకసారి తిరిగి రాయించండి. ఫైల్ సైజు పరిమితి బైట్లలో పెట్టారేమో కూడా చూసుకోండి: యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు, గుడ్డిగా కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది.

బెజవాడ_డెవ్:
మా జేసన్ ఫైళ్ళలో నిజంగానే బ్యాక్‌స్లాష్ యూ కోడ్‌లే ఉన్నాయండి. డిస్క్రిప్షన్ తెలుగులో రాయొచ్చా? మార్చాక పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

టూల్‌స్మిత్:
ఇంగ్లీషులోనే ఉంచండి. అది ప్రతి రిక్వెస్ట్‌తోనూ వెళ్తుంది, తెలుగుకి టోకెన్లు (మోడల్ టెక్స్ట్‌ని లెక్కించే ముక్కలు) చాలా ఎక్కువ పడతాయి. ఉదాహరణల్లో మాత్రం ఒక తెలుగు స్ట్రింగ్ పెట్టండి. టెస్టుకి నాలుగు ఫైళ్ళు చాలు: ఒకే లైను మూడుసార్లు వచ్చేది, ట్యాబ్‌లున్న మేక్‌ఫైల్, విండోస్ ఎండింగ్‌లున్నది, నాన్ జాయినర్లున్న తెలుగుది. పని చివరికి పూర్తయిందా అని కాకుండా, మొదటి పిలుపుకే ఎడిట్ పడిందా అని లెక్కించండి. ఒకసారి ఫెయిలైతే రెండో పిలుపులో ఇన్‌పుట్ మారిందో లేదో లాగ్‌లో చూడండి. మారకపోతే దిద్దాల్సింది ఆ ఎర్రర్ మెసేజ్‌ని.