జిల్లా గ్రంథాలయం శాస్త్ర పరిశోధనకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

ప్రశ్న (వానలెక్క):

నేను ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో భూగోళశాస్త్రం బోధిస్తూ, కోస్తా జిల్లాల వర్షపాతానికీ వరి తెగుళ్లకూ గత శతాబ్దంలో ఉన్న సంబంధంపై పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నాను. అంశం వాతావరణం, వ్యవసాయం, చరిత్ర మూడింటితోనూ ముడిపడినది కావడంతో కావలసిన సామగ్రి ఏ ఒక్క చోటా దొరకడం లేదు. మా కళాశాలకు అంతర్జాతీయ జర్నళ్ల చందా లేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఏటా కడుతున్నాం కదా అని జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళితే, అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు, దినపత్రికలు తప్ప శాస్త్ర పత్రికలు కనిపించలేదు. పాత పత్రికల బైండ్లు ఉన్న మరో గ్రంథాలయంలో కాపీరైటు పేరు చెప్పి ఫోన్‌తో ఫొటో తీయనివ్వలేదు. పరిశోధకులకు ఈ సేవలు అందించాలని గ్రంథాలయ చట్టంలో ఎక్కడైనా ఉందా? ఫొటో తీసుకోవడానికి నిజంగా అభ్యంతరం ఉందా?

జవాబు (విశ్రాంత గ్రంథాలయాధికారి):

మాస్టారూ, మీరు అడిగిన చట్టం 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఆంధ్ర ప్రాంతంలో అమలులో ఉన్న 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో ఉన్న 1955 నాటి హైదరాబాదు చట్టం స్థానంలో ఇది వచ్చింది. ఇది చూసేది గ్రంథాలయం నడిచే ఏర్పాటును: జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు, వాటి ఖర్చుకు ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను. ఆ పన్నును పురపాలక సంఘాలు, పంచాయతీలు వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. ఆ జమ సకాలంలో జరగదన్నది సర్వీసులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. వచ్చిన దానిలో జీతాలు, అద్దెలు, పత్రికల బిల్లులు పోగా మిగిలిన కాస్త డబ్బుతో ఏ పుస్తకాలు కొనాలన్న ప్రశ్న వస్తే, ఉదయం తలుపులు తీయకముందే బయట నిలబడి ఉండే ఉద్యోగార్థులే గెలుస్తారు. అందులో తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

కనుక ఫలానా జర్నల్ తెప్పించండని చట్టం చూపి పట్టుబట్టే వీలు మీకు లేదు. ఆ అవసరం వేరే దారిలో తీరుతుంది. మీరు పీహెచ్‌డీకి నమోదైన విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదేనా? అయితే 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం దానికి వర్తిస్తుంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు అందులో ఉన్నాయి. మీరు బోధించే కళాశాలతో సంబంధం లేకుండా, పరిశోధక విద్యార్థిగా మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లాగిన్ అడగండి. వరి తెగుళ్ల మీద మన దగ్గర జరిగిన పని ఎక్కువగా సిద్ధాంత గ్రంథాల్లోనే ఉండిపోయింది. వాటికి సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే ‘శోధ్‌గంగ’నూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల ‘కృషికోశ్’నూ వెతకండి.

ఏ అనుబంధమూ లేని స్వతంత్ర పరిశోధకుడి పరిస్థితి మాత్రం ఇప్పటికీ దయనీయమే. పౌర గ్రంథాలయాల ద్వారా అందరికీ జర్నళ్లు అందించడం ఆ పథకం చివరి దశ ప్రణాళికలో ఉంది. అది అమలైన నాడు మన జిల్లా గ్రంథాలయాలకు కొత్త పని దొరుకుతుంది.

జవాబు (నల్లకోటు):

ఫొటోల విషయానికి వస్తే, గ్రంథాలయ చట్టంతో దీనికి సంబంధం లేదు. చూడవలసింది 1957 నాటి కాపీరైటు చట్టం. పరిశోధనతో సహా సొంత ఉపయోగానికి ఒక రచనను న్యాయమైన మేరకు వాడుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతోంది. పైగా మీకు కావలసినవి వర్షపాతపు అంకెలు. అంకెలు వాస్తవాలు, వాస్తవాలపై ఎవరికీ కాపీరైటు ఉండదు. ప్రభుత్వ ప్రచురణలకు ప్రచురణ తరువాత 60 ఏళ్ల వరకే హక్కు ఉంటుంది కనుక, 1960కి ముందు అచ్చయిన నివేదికలను మొత్తంగా నకలు తీసుకున్నా అభ్యంతరం ఉండదు. అచ్చుకాని రాతప్రతుల సంగతి కొంత వేరు. రచయిత ఎవరో తెలిసినప్పుడు, ఆయన మరణించి 60 ఏళ్లు దాటితేనే గ్రంథాలయంలోని ప్రతిని పరిశోధనకు నకలు తీసుకునే మినహాయింపు వర్తిస్తుంది.

అయితే, చట్టం అడ్డు చెప్పనంత మాత్రాన గ్రంథాలయం తప్పనిసరిగా అనుమతించాలని అర్థం కాదు. కాగితం విరుగుతుందన్న భయంతో జిరాక్సు యంత్రం మీద బైండు పరచనివ్వకపోతే అది సబబైన నియమమే. ఫ్లాష్ లేకుండా, పుటను వంచకుండా తీసుకుంటానని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో పేర్కొంటూ, మీ పర్యవేక్షకుడి లేఖ జతచేసి రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా కాదనడం ఎవరికైనా తేలికే, దరఖాస్తు మీద కారణం రాసి కాదనడం అంత తేలిక కాదు.

జవాబు (పాతకాగితం):

నేను తుఫానుల చరిత్ర మీద పనిచేస్తాను కాబట్టి నా అభిప్రాయం కాస్త వేరుగా ఉంటుంది. జర్నళ్లు ఎక్కడైనా దొరుకుతాయి, స్థానిక నమోదులు మాత్రం ఆ ఒక్క గ్రంథాలయంలోనే ఉండవచ్చు. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపడింది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1891లో అసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా చూడదగినవే. మీ అంశానికి మద్రాసు ప్రెసిడెన్సీ ‘సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులు’ ముఖ్యం, ఎందుకంటే సాగు విస్తీర్ణం, వర్షం, పంట పరిస్థితి జిల్లాలవారీగా అందులో ఒకేచోట కనిపిస్తాయి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలో ఉంచింది, బైండ్ల జోలికి వెళ్లకముందే వాటిని చూసుకోండి.

పత్రికల్లోని అంకెలతో మాత్రం జాగ్రత్త అవసరం. పాత పట్టికల్లో వర్షం అంగుళాలు, సెంట్లలో ఉంటుంది, సెంటు అంటే అంగుళంలో నూరోవంతు. ఆ లెక్కన 2-15 అని ఉంటే 2.15 అంగుళాలు, అంటే దాదాపు 55 మిల్లీమీటర్లు. గీతకు బదులు చుక్క పెట్టి ముందు సున్నా వదిలేసిన చోట, 2.5 అన్నది రెండు అంగుళాల ఐదు సెంట్లా, రెండున్నర అంగుళాలా అన్నది పక్క వరుసలు చూస్తే గాని తేలదు. ఇంకొకటి, వాతావరణ శాఖ ఇప్పటి పద్ధతిలో ఒక రోజు వర్షం అంటే ఆ ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల వర్షం. పత్రిక తేదీకే ఆ వానను కట్టబెడితే మీ తెగుళ్ల లెక్క ఒకటి రెండు రోజులు జరుగుతుంది. నెలవారీ మొత్తాలతో పనిచేస్తే ఇబ్బంది తక్కువే గాని, అగ్గితెగులు వంటి వాటికి ఆకు తడిగా ఉన్న గంటలే కీలకం కాబట్టి రోజువారీ అంకెల్లో ఈ తేడాను పట్టించుకోక తప్పదు.

ప్రశ్నకర్త (వానలెక్క):

అందరికీ ధన్యవాదాలండీ. మా విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదే, లాగిన్ కోసం రేపే రాస్తాను. పాతకాగితం గారూ, సీజన్ రిపోర్టుల్లో తెగుళ్ల ప్రస్తావన విడిగా ఉంటుందా?

జవాబు (పాతకాగితం):

విడి పట్టికను ఆశించకండి. పంట పరిస్థితిని వివరించే వచన భాగంలో, ఫలానా జిల్లాలో పురుగు లేదా తెగులు వల్ల దిగుబడి తగ్గిందన్న ఒకటి రెండు వాక్యాల రూపంలో వెతకండి. తెగులు పేరు లేకుండా నష్టం మాత్రమే చెప్పిన వాక్యాలను మీ పట్టికలో వేరే గడిలో ఉంచుకుంటే మంచిది.