గాలి నుంచి నీళ్లు తీసే ఎంఓఎఫ్ మన అనంతపురానికి పనికొస్తుందా?

కెమిస్ట్రీ_సార్_అనంత:
2025 రసాయన శాస్త్ర నోబెల్ కితగావా, రాబ్సన్, యాగీలకు వచ్చినప్పటి నుంచి ఈ మాట నా మనసులో ఉంది. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి జాలీలా కట్టే పదార్థాలు వాళ్లవి. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, పొట్టిగా ఎంఓఎఫ్ అంటారు. లోపలంతా ఖాళీయే, ఒక్క గ్రాము పొడిలో వేల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. కంప్యూటర్ చిప్పుల తయారీకి కావాల్సిన విషవాయువులను భద్రంగా నిలవ చేసే సిలిండర్లలో ఇప్పటికే వాడుతున్నారు. శరీరంలోకి మందు మోసుకెళ్లడానికి కూడా ప్రయత్నాలు జరుగుతున్నాయి.

మనకు కావాల్సింది ఎంఓఎఫ్-303. అల్యూమినియంతో చేసింది. రాత్రి గాలిలో తేమను పట్టుకుంటుంది, పగటి వేడికి వదిలేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీళ్లు. ఆవిరి నుంచి వచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే పీడ ఉన్న మన ఊళ్లు రెండు మూడింట్లో ప్రయోగంగా పెట్టమని జిల్లా అధికారులను అందరం కలిసి అడుగుదామా?

పెన్నా_ఒడ్డు:
కిలో పొడికి రోజుకు ఎన్ని నీళ్లొస్తాయి సార్? ముందు అది చెప్పండి.

కెమిస్ట్రీ_సార్_అనంత:
2017లో వచ్చిన మొదటి పెద్ద పత్రంలో 20 శాతం తేమ దగ్గర రోజుకు 2.8 లీటర్లన్నారు. అది ఎంఓఎఫ్-801, జిర్కోనియంది.

పెన్నా_ఒడ్డు:
అది ల్యాబులో చూసి వేసిన లెక్క. బయట పెడితే ఏమైందో కూడా రాయండి. 2019లో అమెరికాలోని మొహావీ ఎడారిలో సోలార్ కరెంటు పెట్టి నడిపితే 0.7 లీటరు. 2023లో ఆ దేశంలోనే డెత్ వ్యాలీ ఎడారిలో ఒట్టి ఎండకు పెడితే 210 గ్రాములు. మీరు చెప్పే 303తోనే. ఇంట్లో ఐదుగురుంటే తాగడానికి, వంటకు 20 లీటర్లు కావాలి. 210 గ్రాముల లెక్కన ఇంటికి 95 కిలోల పొడి! ఊర్లో ఎన్ని ఇళ్లుంటాయో మీరే చూసుకోండి.

ధర్మవరం_మగ్గం:
ఆ పొడి నీళ్లలో కలవదా సార్? పిల్లలు తాగేది కదా.

కెమిస్ట్రీ_సార్_అనంత:
మంచి ప్రశ్న అమ్మా. తొలినాటి ఎంఓఎఫ్-5కు తేమ తగిలితేనే చెడిపోయే గుణం ఉండేది. 303 అలా కాదు, ఆవిరిని పట్టడం వదలడం చాలాసార్లు జరిగినా తట్టుకుంటుంది. పైగా పొడి ఉన్న చోటు వేరు, నీళ్లు చేరే చోటు వేరు.

పెన్నా_ఒడ్డు గారూ, 0.7 లెక్కన వేస్తే 29 కిలోలు చాలు. మీరు కావాలనే తక్కువ అంకె పట్టుకున్నారు. మన ఊళ్లలో సోలార్ పలకలు పెట్టలేమా?

పెన్నా_ఒడ్డు:
కావాలనే కాదు. ఒకటి కరెంటుతో, ఒకటి కరెంటు లేకుండా. మీరేమో రెండూ వదిలేసి ల్యాబు అంకె రాశారు. అడిగితే తప్ప మిగతావి చెప్పలేదు. అదే నా అభ్యంతరం.

ఇదే వరసలో మా ఊర్లో ఆర్వో ప్లాంటు వచ్చింది. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు. నీళ్లను వడకట్టే పొర, అదే మెంబ్రేన్, ఉప్పు పట్టి పోయాక మార్చే దిక్కు లేదు. పెట్టిన ఏజెన్సీ వాళ్లు ఫోన్ తియ్యరు. షెడ్డుకు తాళం పడింది. ప్లాంటు నడిచినన్నాళ్లూ వదిలేసిన నీళ్లు పక్క గుంతలోనే ఇంకేవి, అందులో ఉండేది మేం వద్దనుకున్న ఫ్లోరైడే. ఇప్పుడు మళ్లీ బోరు నీళ్లే. మా అమ్మ కింద కూర్చుంటే ఇంకొకరు చెయ్యి అందిస్తే గానీ లేవలేదు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి.

కదిరి_పిల్లోడు:
అన్నా, మా అవ్వకూ అంతే.

హంద్రీ_నీవా:
ఆర్వో చెడిపోతే ఆర్వోది తప్పు, ఎంఓఎఫ్‌ది కాదు కదన్నా. ఇందులో మెంబ్రేనే లేదు.

పెన్నా_ఒడ్డు:
మెంబ్రేన్ లేకపోతే ఫ్యాను ఉంటుంది, పలక ఉంటుంది, చల్లబరిచే గది ఉంటుంది. పోయినప్పుడు ఎవరు బాగు చేస్తారు? అనంతపురం నుంచి మనిషి రావాల్నా, అమెరికా నుంచి రావాల్నా?

గుత్తి_కోట:
ఆర్వో కాకుండా ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఉన్నాయి కదా, వాటి మాటేంటి?

కెమిస్ట్రీ_సార్_అనంత:
అవి పనిచేస్తాయి. కానీ మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగడానికి కారణమూ అదే, అల్యూమినా మీద ఫ్లోరైడ్‌కు చోటు దొరక్కుండా పోటీపడేదీ అదే. అందుకని అల్యూమినా త్వరగా నిండిపోతుంది. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచెయ్యాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్ల చేత చేయించలేం. గాలి నీళ్లు నాకు నచ్చింది ఇందుకే, బోరుతోనే సంబంధం ఉండదు.

పెన్నా_ఒడ్డు గారూ, మీ అమ్మగారి బాధ విని నాకూ బాధగా ఉంది. కానీ ఒక్క ప్లాంటు పాడైందని ఏ కొత్త వస్తువునూ ఊర్లోకి రానివ్వం అంటే ఎలా? మీలాంటివాళ్లు అడ్డం పడబట్టే మన ప్రాంతం వెనకబడింది.

పెన్నా_ఒడ్డు:
ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. మేం వెనకబడింది అడ్డం పడి కాదు, నీళ్లు లేక. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ మా జనం మీదే ప్రయోగం చేస్తారు. అది పాడయ్యాక ఎవరూ కనపడరు.

మోడరేటర్:
ఇద్దరూ వ్యక్తిగతంగా పోవద్దు. విషయం మీద రాయండి.

హంద్రీ_నీవా:
పెన్నా అన్నా, సూటిగా అడుగుతున్నా. కిలోకి ఐదు లీటర్లు వస్తుందని రేపు రుజువైతే ఒప్పుకుంటావా?

పెన్నా_ఒడ్డు:
ఒప్పుకోను. ఎందుకో చెప్తా, విను.

మల్యాల దగ్గర శ్రీశైలం వెనక జలాలను ఎత్తితే 2012లో మన జిల్లాలోని జీడిపల్లి రిజర్వాయరుకు నీళ్లొచ్చాయి. సత్యసాయి పథకం 1990ల్లోనే 700కు పైగా ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. అంటే పైపు వెయ్యాలనుకుంటే వెయ్యొచ్చు. మా ఊర్లో ఆర్వో పెట్టాక పైపులైను గురించి అడిగితే ఏమన్నారో తెలుసా? మీకు ప్లాంటు ఇచ్చేశాం కదా అన్నారు. ప్లాంటు పోయింది, మా పేరు మాత్రం ఇచ్చేసిన ఊళ్ల లిస్టులోనే ఉండిపోయింది. రేపు ఇంటింటికీ మీ డబ్బా పెడితే ఇంక కాలువ నీళ్లు ఎవరు అడగనిస్తారు? నది నీళ్లు మా హక్కు. మిషన్ ఇచ్చి హక్కు తీసేసుకుంటే నాకు కిలోకి ఐదు లీటర్లు వచ్చినా వద్దు.

కదిరి_పిల్లోడు:
ఇది నిజం. మాకూ ఇదే జవాబు.

కెమిస్ట్రీ_సార్_అనంత:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు. కాలువ వద్దని నేను ఎక్కడా అనలేదు. కానీ మా క్లాసులో ముందు బెంచీ పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమ రంగు చారలు కనపడతాయి. పళ్లు ఏర్పడే వయసులో తాగిన నీళ్ల గుర్తు అది, తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు. పైపులైను వచ్చేదాకా ఇప్పుడు పుట్టే పిల్లలకు ఏ నీళ్లు పోద్దాం? హక్కు దక్కేదాకా బోరు నీళ్లే తాగమని మీరు చెప్పగలరేమో, నేను చెప్పలేను.

పెన్నా_ఒడ్డు:
పిల్లలకు ట్యాంకరు అడుగుదాం. స్కూల్లో, అంగన్‌వాడీలో ముందు ఇయ్యమందాం. నేను సంతకం పెడతా. మీ పొడికి మాత్రం పెట్టను.

కెమిస్ట్రీ_సార్_అనంత:
ట్యాంకరు ఎండాకాలంలో ఎన్నాళ్లు వస్తుందో మీకూ తెలుసు. స్కూలు ఒక్కచోటే ప్రయోగం పెడదాం. పైపులైను లిస్టులోంచి ఊరి పేరు తియ్యకూడదని అర్జీలోనే రాద్దాం. అప్పుడు మీ అభ్యంతరం ఏమిటి?

పెన్నా_ఒడ్డు:
అర్జీలో రాస్తే ఆగుతారా? ముందు రాసి చూపించండి, తర్వాత మాట్లాడదాం.

ధర్మవరం_మగ్గం:
మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎక్కడ చూస్తారు?

గుత్తి_కోట:
ఆర్‌డబ్ల్యూఎస్, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ, ల్యాబులో అడగండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, 1.5 దాటితే ఆ నీళ్లు తాగొద్దు. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజుది వద్దు. గాజుతో ఫ్లోరైడ్ కలిసి అంకె తేడా వస్తుంది.