జుకోటీ పార్కు శిబిరంలో రోజులు ఎలా గడిచేవి?

ప్రశ్న:

2011 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో ఆర్థిక అసమానతకు వ్యతిరేకంగా మొదలైన ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ ఉద్యమం గురించి నేను చదివిన వ్యాసాలన్నీ ‘మేము 99 శాతం’ (సంపన్నులైన ఒక్క శాతం పోగా మిగిలిన జనం) అన్న నినాదాన్నీ, బ్రూక్లిన్ వంతెన మీద జరిగిన అరెస్టులనీ చెబుతున్నాయి గాని, దాదాపు రెండు నెలలు జుకోటీ పార్కులోనే ఉండిపోయినవారు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో చెప్పడం లేదు. ఇందిరా పార్కు దగ్గర సాయంత్రానికి శామియానాలు విప్పేయడం చూసిన నాకు, నాయకుడంటూ లేని వందలాది మంది ఒకే చోట అన్ని రోజులు ఎలా ఉండగలిగారో తెలుసుకోవాలని ఉంది. దయచేసి వివరించగలరు.

జవాబు 1:

ముందుగా ఆ స్థలం సంగతి చెప్పాలి. ముప్పాతిక ఎకరం ఉండే జుకోటీ పార్కు నగరపాలక సంస్థది కాదు, బ్రూక్‌ఫీల్డ్ అనే స్థిరాస్తి సంస్థది. దానిని ఇరవై నాలుగు గంటలూ ప్రజల కోసం తెరిచి ఉంచాలన్న షరతు ఉండటం వల్లనే, రాత్రిపూట మూసివేసే నగర పార్కుల్లోలాగా అక్కడివారిని వెంటనే పంపించివేయడం కుదరలేదు. మొదట్లో గుడారాలు వేయనివ్వకపోవడంతో జనం టార్పాలిన్ల కింద నిద్రపోయారు. గుడారాలు అక్టోబరులో వెలిశాయి. పార్కు మధ్యలో ఉన్న వంటశాల దగ్గర ఎవరు వచ్చి అడిగినా భోజనం ఉచితమే. ఎక్కడెక్కడి సానుభూతిపరులో దగ్గరలోని దుకాణాలకు డబ్బు కట్టి పిజ్జాలు పంపించేవారు. మరుగుదొడ్లు లేకపోవడమే పెద్ద ఇబ్బంది. అందుకు చుట్టుపక్కల హోటళ్ళ మీద ఆధారపడవలసి వచ్చింది. శుభ్రం చేయడానికని అక్టోబరు 14న పార్కును ఖాళీ చేయిస్తారన్న వార్త రాగానే, శిబిరవాసులే ముందురోజు చీపుర్లు పట్టుకుని రాళ్ళను కడిగేశారు, యాజమాన్యం ఆ కార్యక్రమాన్ని వాయిదా వేసుకుంది.

జవాబు 2:

పై మిత్రులు వంట గురించి చెప్పారు, నేను మాట గురించి చెబుతాను. మైకు వాడాలంటే అనుమతి కావాలి కనుక, మాట్లాడేవారు నాలుగైదు పదాలు చెప్పి ఆగితే చుట్టూ ఉన్నవారు వాటినే గట్టిగా పలికి వెనుకవారికి అందించేవారు, జనం ఎక్కువగా ఉన్న రోజుల్లో అదే మాట రెండు మూడు అలలుగా వెనక్కి సాగేది. తమకు నచ్చని అభిప్రాయాన్ని కూడా తమ గొంతుతో పలకవలసి రావడం వల్ల వినే ఓపిక పెరిగిందని నా నమ్మకం. ఆ శిబిరం ఇచ్చిన అన్నిటిలోనూ నేను దీనినే గొప్పదిగా భావిస్తాను. అందరూ కలిసి నిర్ణయాలు తీసుకునే సభల్లో సమ్మతిని వేళ్ళు పైకి ఆడించీ, అసమ్మతిని కిందికి ఆడించీ, ససేమిరా ఒప్పుకోమన్నదానిని చేతులు అడ్డంగా పెట్టీ తెలిపేవారు.

జవాబు 3:

ఆ పద్ధతిలోని మంచిని కాదనను గాని, గంటల తరబడి సాగే సభల్లో చివరిదాకా కూర్చోగలిగేది ఎవరన్నది కూడా చూడాలి. ఉద్యోగం చేసుకునేవారికీ, పిల్లలున్నవారికీ అది సాధ్యం కాదు. శిబిరం లోపల కూడా అంతరాలు తలెత్తాయి: చదువుకుని వచ్చినవారు గ్రంథాలయం ఉన్న తూర్పు వైపూ, డోలు వాయించేవారూ నిలువనీడ లేనివారూ పడమటి వైపూ చేరారు. చుట్టుపక్కల నివాసులు డోళ్ళ మోతను రోజుకు రెండు గంటలకు పరిమితం చేయమని కోరితే, వాయించేవారిని ఒప్పించడానికి చాలా తర్జనభర్జన జరిగింది. లైంగిక దాడి ఫిర్యాదుల తరువాత స్త్రీలకు వేరుగా గుడారం వేయవలసి వచ్చింది. అసమానతను ప్రశ్నించడానికి వచ్చినవారికి అది గుడారాల మధ్యనే ఎదురుకావడాన్ని దాచిపెట్టి ఆ ఉద్యమాన్ని పొగడటం న్యాయం కాదు.

అయినా వారు చివరిదాకా శిబిరాన్ని నడిపించే పనులను వదలలేదు. అక్టోబరు 28న అగ్నిమాపక సిబ్బంది జనరేటర్లను తీసుకుపోగా, మరునాడే మంచు కురిసింది. అప్పుడు సైకిళ్ళు తొక్కి విద్యుత్తు పుట్టించారు. నవంబరు 15న అర్ధరాత్రి దాటాక పోలీసులు శిబిరాన్ని ఖాళీ చేయించి, గ్రంథాలయానికి విరాళాలుగా వచ్చిన వేలాది పుస్తకాలను కూడా తరలించారు, వాటిలో చాలావరకు పాడయ్యాయి. ఆ పుస్తకాల నష్టానికి నగర ప్రభుత్వం 2013లో 47,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.