తెరచాప పడవ పందెంలో బోయాను (నీటిపై తేలే గుర్తును) తప్పు వైపు దాటితే ఎలా సరిచేసుకోవాలి?

మాది కొత్తపట్నం. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ పందేలు నేర్చుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకొచ్చి ఆ పందేల నియమాల్లోని రూల్ 28 (పందెం దారిని సరిగ్గా పూర్తిచేయడం) గురించి అడిగాడు. పడవ వెళ్లిన దారిని ఒక దారం అనుకుని బిగించి లాగితే, అది ప్రతి మార్క్‌నూ (పందెం దారి చూపే బోయాను) చెప్పిన వైపే, వరసలో దాటాలి, చుట్టి తిరగాల్సిన మార్క్‌ను తాకాలి. అక్కడిదాకా సరే. (దారం తాకాలట, పడవ తాకితే మాత్రం పెనాల్టీ!)

ఎడమకు వదలాల్సిన బోయాను కుడికి వదిలేసి వెళ్లిపోతే, ఫినిష్ అయ్యేలోపు సరిచేసుకోవచ్చు. కానీ వచ్చిన దారినే వెనక్కెళ్లి ముందు దారం చిక్కు విప్పాలా, లేక అక్కడే బోయా చుట్టూ ఒక చుట్టు తిరిగితే చాలా? చేపల వేటకెళ్లే మా బాబాయి "తిరిగితే చాల్లేరా" అంటున్నాడు, ఆయనేమో పందెం మొహం చూడలేదు. రేసులు నడిపినవాళ్లు ఎవరైనా బొమ్మ గీసి చెప్తారా?