పొత్తుకు నమ్మదగినవాడు స్నేహితుడా, పాత శత్రువా?

ప్రశ్న:
చిన్ననాటి స్నేహితుడితో కలిసి ఆరేళ్లు వ్యాపారం చేశాను. లెక్క అడిగితే నొచ్చుకుంటాడేమోనని ఏనాడూ అడగలేదు. చివరికి నా వాటా చూపించి నాకు తెలియకుండా అప్పు తెచ్చాడు. ఇప్పుడు, ఒకప్పుడు నా మీద కేసు వేసినాయన వచ్చి కలిసి పనిచేద్దాం అంటున్నాడు. ఇంట్లోవాళ్లు పాముతో పొత్తేమిటని గొడవ. నాకు మాత్రం ఆ స్నేహితుడికన్నా ఈయనే నయం అనిపిస్తోంది. మీరేమంటారు?

1వ జవాబు:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఒక్కడు చేసినదానికి స్నేహాన్నే తప్పుపట్టకండి. ప్రాచీన రోమ్‌ను ఏలిన జూలియస్ సీజర్ సంగతి చూడండి. క్రీ.పూ. 48లో తనపై యుద్ధంలో ఓడిన బ్రూటస్‌ని, కాసియస్‌ని క్షమించి పదవులిచ్చాడు. నాలుగేళ్లకు వాళ్లే అతన్ని చంపిన కుట్రకు ముందు నిలిచారు. ఓడినవాడు క్షమాపణను మేలుగా కాదు, అవమానంగా గుర్తుపెట్టుకుంటాడు.

2వ జవాబు:
సీజర్ కథ సగమే చెప్పారు. హత్య జరిగిన రోజు ఇంట్లోనే ఉండిపోదామనుకున్న సీజర్‌ని నచ్చజెప్పి సభకు తీసుకెళ్లింది డెసిమస్ బ్రూటస్, మీరు చెప్పిన బ్రూటస్ కాదు, వేరే మనిషి. అతను శత్రువు కాదు, ఏళ్లతరబడి సీజర్ పక్షాన పోరాడినవాడు. సీజర్ వీలునామాలో అతని పేరు కూడా ఉంది! స్నేహితుడికి ఇంటి తలుపు తీసే ఉంటుంది, అదే ప్రమాదం.

దేశాల సంగతికొస్తే, సోవియట్ యూనియన్, చైనా 1950లో స్నేహ ఒప్పందం చేసుకుని, 1969లో ఉసూరి నది దగ్గర కాల్పులకు దిగాయి. ఫ్రాన్స్, జర్మనీ డెబ్భై ఐదేళ్లలో మూడు యుద్ధాలు చేశాయి. ఆ తర్వాత వాళ్లు ప్రేమ కబుర్లతో మొదలుపెట్టలేదు. ఆయుధాల తయారీకి కావలసిన బొగ్గు, ఉక్కు రంగాలను 1951 ఒప్పందంతో మరో నాలుగు దేశాలతో కలిపి ఉమ్మడి అజమాయిషీ కిందకు తెచ్చారు. ఒకరి లెక్క ఒకరికి కనబడేలా చేసుకున్నారు. 1963లో స్నేహ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది ఆ తర్వాతే. పాత శత్రువుతో మనం ముందే షరతులు మాట్లాడుకుంటాం. స్నేహితుడి దగ్గర మొహమాటం అడ్డొస్తుంది. మీ విషయంలో జరిగిందీ అదే.

3వ జవాబు:
పాత శత్రువులందరూ ఒకటి కాదండీ. 1860లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు పార్టీ అభ్యర్థిత్వం కోసం లింకన్‌తో పోటీపడినవాళ్లలో సీవార్డ్, చేజ్ ఇద్దరినీ ఆయన మంత్రివర్గంలోకి తీసుకున్నాడు. మొదట్లో పెత్తనం చేయబోయిన సీవార్డ్ తర్వాత ఆయనకు అత్యంత సన్నిహితుడయ్యాడు. చేజ్ మాత్రం మంత్రిగా ఉంటూనే 1864లో ఆయన స్థానానికే ప్రయత్నించాడు. కాబట్టి మీతో తగాదా పడ్డాడా లేదా అన్నది కాదు, ఆ తగాదా అతని మనసులో తీరిందా లేదా అన్నది చూడండి.

1వ జవాబు ఇచ్చినవారు:
ఈ మాట ఒప్పుకుంటాను. అయినా లాభం లేని రోజున కూడా పక్కన నిలబడేది స్నేహితుడే. నా కష్టకాలంలో ఏ ఒప్పందమూ లేకుండా వచ్చింది వాళ్లే. అది మర్చిపోలేను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. రేపు ఆయన్ని కలుస్తున్నాను. వాటాల మాట తర్వాత, ముందు ఆ కేసు సంగతే ఎత్తుతాను. ఎందుకు వేశాడో ఆయన నోటితోనే వినాలి. నా తప్పు కూడా కొంత ఉంది, అదీ చెప్తాను.