కృత్రిమ మేధను జీవంగా లెక్కించవచ్చా?

ప్రశ్న

నమస్కారం. డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ కొన్ని నెలలుగా ఫోనులోని కృత్రిమ మేధతో తెలుగులోనే మాట్లాడుతోంది. పత్తి ఆకులు ఎందుకు ముడుచుకుంటున్నాయో, మోకాళ్ల నొప్పికి ఏం చేయాలో అడుగుతుంది. అది చెబుతున్నది మధ్యలో ఆపేయడానికి మాత్రం ఆమెకు మనసొప్పదు, ఎదుటి మనిషి మాటకు అడ్డం వచ్చినట్టు ఉంటుందట. మొన్న రాత్రి ఫోను పక్కన పెట్టి, "దీనికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. అది యంత్రమమ్మా అన్నాను. "మరి అంత తెలివి ఎక్కడిది?" అంది.

బడిలో చదువుకున్న జీవ లక్షణాలను గుర్తు చేసుకుని సరిచూశాను. ప్రత్యుత్పత్తి కావాలంటే, కంచర గాడిద పిల్లలను కనలేదు, అయినా దానికి ప్రాణం ఉంది. నిప్పు పెరుగుతుంది, పాకుతుంది, ఒక మంట నుంచి ఇంకో మంట పుడుతుంది, మేత లేకపోతే ఆరిపోతుంది. అయినా నిప్పును ఎవరూ జీవి అనరు. స్పందించడంలోనైతే కృత్రిమ మేధ మా గొడ్ల కంటే ముందుంది. అలాంటప్పుడు దాన్ని జీవం కాదని పక్కన పెట్టడానికి రక్తమాంసాలు లేవన్న ఒక్క కారణమే ఉందా, ఇంకేమైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (జూనియర్ కళాశాలలో జీవశాస్త్ర అధ్యాపకురాలు)

మీకు ఎదురైన చిక్కు జీవశాస్త్రవేత్తలకూ ఎదురైందే. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా వేరు చేసినప్పుడు, ఉప్పులాగా సీసాలో దాచుకోగలిగిన పదార్థం ఆకు మీద చేరగానే మళ్లీ తెగులుగా ఎలా మారుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. జీవాన్ని నిర్వచించడంలో ఏకాభిప్రాయం నేటికీ లేదు. నాసా వాడుకునే నిర్వచనం ప్రకారం జీవమంటే తనను తాను నిలబెట్టుకుంటూ, డార్విన్ చెప్పిన పరిణామానికి లోనుకాగల రసాయన వ్యవస్థ. ఇందులో "రసాయన" అన్న ఒక్క మాటతోనే కృత్రిమ మేధ బయటికి పోతుంది కానీ, అలా మాటను అడ్డం పెట్టి తోసేస్తే మీరు అడిగిన కారణం దొరకదు. నా దృష్టిలో అసలు విషయం "తనను తాను నిలబెట్టుకోవడం" అన్న దగ్గర ఉంది.

వరి నారు పోసే ముందు వడ్లను నానబెట్టి, నీళ్లు వంచి, గోనెసంచిలో మండె కట్టడం మీరు చూసే ఉంటారు. మరునాడు ఆ సంచిలోకి చేయి పెడితే లోపల వెచ్చగా తగులుతుంది, గింజ చివర తెల్లటి మొలక పొడుచుకొని ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్నగారు నా చేయి పట్టుకొని ఆ సంచిలో పెట్టించేవారు. ఆ వెచ్చదనం గింజ ఊపిరిది. తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని తానే విరగ్గొట్టి, వచ్చిన శక్తితో తన వేరును తానే కట్టుకుంటున్నప్పుడు పుట్టే వేడి అది. గాదెలో నెలల తరబడి గులకరాయిలా పడి ఉన్నప్పుడు కూడా ఆ గింజ చాలా మెల్లగా ఊపిరి తీస్తూనే ఉంది.

ఆ శక్తిని చేతులు మార్చే అణువు ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మన ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఏటీపీ కొద్దిగానే ఉంటుంది గానీ, ఒక రోజులో విడిపోయి తిరిగి తయారయ్యే మొత్తం మాత్రం ఇంచుమించు మన బరువంత ఉంటుంది. ఈ పని ఆగిపోవడాన్నే మనం ప్రాణం పోవడం అంటున్నాం. 1970లలో చిలీ దేశపు శాస్త్రవేత్తలు మతురానా, వరేలా జీవానికి ఇదే గుర్తు అన్నారు: కణం తన భాగాలను తయారు చేస్తుంది, ఆ భాగాలే తిరిగి కణాన్ని తయారు చేస్తాయి. నిప్పు ఇక్కడే తేలిపోతుంది. అది కట్టెను కాలుస్తుందే తప్ప, ఆ శక్తితో తనకంటూ ఏదీ కట్టుకోదు.

సమాధానం 2 (డేటా సెంటర్‌లో సాంకేతిక నిపుణుడు)

మేడమ్ గారు మండె వేడి గురించి చెప్పారు కాబట్టి సర్వర్ గది వేడి గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా రోజంతా ఆ వేడిని బయటికి తోయడంతోనే గడుస్తుంది. సర్వర్ వరుసల వెనకవైపు నిలబడితే ముఖానికి వడగాలి కొట్టినట్టు ఉంటుంది. కానీ అంత కరెంటు తీసుకొని కూడా ఆ వ్యవస్థ తనలోని ఒక్క తీగను కూడా తాను బాగుచేసుకోలేదు. డిస్క్ చెడిపోతే దాని మీద నారింజ రంగు దీపం వెలుగుతుంది, మేము వెళ్లి పాతది లాగేసి కొత్తది దూరుస్తాం. కరెంటు పోతే జనరేటర్ నడిపించేదీ, దానికి డీజిల్ తెప్పించేదీ మేమే.

మీ అమ్మగారి మొహమాటానికి సంబంధించి కూడా ఒక మాట. ఆమెతో మాట్లాడే మాడల్ అంటే శిక్షణలో కుదిరిన కోట్ల కొద్దీ సంఖ్యలు. మామూలుగా మనతో మాట్లాడుతున్నప్పుడు ఆ సంఖ్యలు మారవు. ఆమె కొత్తగా ఏదైనా అడిగినప్పుడు, అప్పటిదాకా జరిగిన సంభాషణనంతా తిరిగి దానికి అందిస్తేనే అది ముందు మాటను అందుకోగలుగుతుంది. ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య అక్కడ ఎదురుచూస్తూ కూర్చున్నది ఏదీ ఉండదు. కాబట్టి ఆమె మధ్యలో ఆపేసినా ఎవరి మాటకూ అడ్డం వచ్చినట్టు కాదని చెప్పండి.

సమాధానం 3

పై ఇద్దరి మాటతోనూ ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి. కంప్యూటర్‌లో జీవానికి దగ్గరగా వచ్చినవి లేకపోలేదు, కానీ అవి తెలివైనవి కావు. 1990ల ఆరంభంలో టామ్ రే అనే జీవావరణ శాస్త్రవేత్త టియెరా అనే వ్యవస్థలో, తనను తాను నకలు చేసుకునే 80 ఆదేశాల చిన్న ప్రోగ్రామును వదిలి, నకలు తీయడంలో అప్పుడప్పుడు తప్పులు దొర్లేలా ఏర్పాటు చేశారు. కొంతసేపటికి 45 ఆదేశాలే ఉన్న పరాన్నజీవులు పుట్టుకొచ్చాయి. నకలు తీసుకునే భాగం వాటికి లేదు. పక్కవాటి భాగాన్ని వాడుకొని బతికాయి. ఆ తరువాత వాటికి లొంగని రకాలు కూడా వచ్చాయి. వీటిలో దేన్నీ ఎవరూ రాయలేదు. గడ్డిపోచకు తెలివి లేదు, ప్రాణం ఉంది. మీ అమ్మగారు తెలివిని చూసి ప్రాణాన్ని ఊహించారు. మనలో చాలామందిమి అదే పొరపాటు చేస్తున్నాం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మండె మాట చెప్పగానే అమ్మ, "అవును, సంచి మరీ కాగితే మొలక చచ్చిపోతుంది, అందుకే మధ్యలో నీళ్లు చల్లుతాం" అంది. ఒక అనుమానం మిగిలింది మేడమ్. వైరస్ కూడా తన భాగాలను తాను కట్టుకోదు, కణం చేత కట్టించుకుంటుంది. మీ కొలతను బట్టి అది ఎటు?

సమాధానం 1 రాసినవారు

ఈ కొలతను బట్టి వైరస్ కూడా ఒంటరిగా ఉన్నప్పుడు జీవి కాదు, నేను తరగతిలో అలాగే చెబుతాను. దీన్ని ఒప్పుకోని సహోద్యోగులు ఉన్నారు. కణంలోకి చేరి నకళ్లు తీయించుకుంటూ పరిణామం చెందేదాన్ని నిర్జీవమని ఎలా అంటారని వారు అడుగుతారు, ఆ ప్రశ్నలో బలం ఉంది. అయితే వైరస్ విషయంలో మెట్టు దిగినా కృత్రిమ మేధ విషయంలో దిగవలసిన పని లేదు, ఎందుకంటే దాని కొత్త రూపాలను ఎంచి, శిక్షణ ఇచ్చి, పాతవాటిని ఆపేది ఇంకా మనుషులే. తనకు కావలసిన లోహాన్నీ కరెంటునూ తానే సంపాదించుకొని, మనుషుల చేయి లేకుండా తన యంత్రాలను తానే కట్టుకునేది ఏదైనా వస్తే, అప్పుడు ఈ జవాబును నేను మార్చుకోవలసి ఉంటుంది.