అప్‌డేట్: పెట్టెల్లోని గుడ్లు ఏమవుతున్నాయో తెలిసింది

మా పెరటి గ్రామప్రియ రకం కోళ్ల గుడ్లు పెంకు ముక్కైనా మిగలకుండా అవి గుడ్లు పెట్టే పెట్టెల్లోంచి మాయమవుతున్నాయని ఇదివరకు అడిగాను. ఎక్కువమంది పామునో ముంగిసనో అనుమానించారు. ముంగిస సాధారణంగా పగిలిన పెంకులను వదిలిపోతుంది. పాము గుడ్డును మింగేస్తుంది కనుక ఆనవాలు మిగలదు. అయితే వరిగడ్డిని విడదీసి చూసినప్పుడు అడుగున ఎండిన పచ్చసొన అంటుకొని ఉండటంతో, ఇది పాము పని కాదని నాకు నమ్మకం కలిగింది. గూటిలో ఫోన్ కెమెరా అమర్చగా, తోటి కోడి గుడ్డు పెట్టి లేవగానే ఒక పెట్ట దానిని పొడిచి, పెంకుతో సహా తినడం స్పష్టంగా కనిపించింది.

గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలి. మేము వేస్తూ వచ్చిన నూకలు, తవుడులో అది చాలా తక్కువ, దానివల్ల పెంకు పలుచబడి తేలికగా పగులుతుంది. అందుకే లేయర్ దాణాకు (గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసే మేతకు) మారి, ఆల్చిప్పల పొడిని విడిగా ఒక గిన్నెలో ఉంచుతున్నాము. అయినా రుచి మరిగిన కోడి మేతతోనే మానదు కనుక, గుడ్డు దొర్లి వెనుక అరలోకి చేరేలా పెట్టె అడుగును వాలుగా మార్చడమే అసలైన పరిష్కారమని నా అభిప్రాయం. ఇప్పుడు గుడ్లు దక్కుతున్నాయి. ఆ పెట్టను కోసేయమన్నవారికి మనవి: అది చక్కగా గుడ్లు పెడుతోంది, దానిని ఉంచుకుంటున్నాము.